క్వాంటం కోడిపెట్ట

బేతంచెర్లలో బండలకు పాలిష్ పట్టే ఓబుళేశుకు ఫోన్లో సైన్సు వీడియోలు చూడందే అన్నం దిగదు. చూసింది ఇంట్లో చేసి చూడందే అది అరగదు.

ఇప్పుడు ఆయప్ప పానమంతా ఎర్రపెట్ట మిందనే ఉండాది. పిల్లప్పుడు అరచేతిలో పెట్టుకొని పెంచినాడు. దానికి తిండి ఈడ, గుడ్లు మాత్రం పక్కింటి నాగక్క గడ్డివామిలో.

"ఆదివారం లోపల మనింట్లో గుడ్డు పెట్టకపోతే పులుసులోకే," అనేసింది పెండ్లాం కృష్ణవేణమ్మ.

"ఆత్రపడాకు మే! దావ తెలీక పోతాండాది. పక్షులు దావ కనుక్కునేది క్వాంటంతోన."

"ఎవురు ఆయప్ప?"

"సైన్సు మే! పక్షి కంట్లో వెలుతురు పడ్తే రెండు ఎలక్ట్రాన్లు జంట కడతాయంట. ఒగటి ఇట్ల తిరిగితే రెండోది దానికి ఎదురు తిరుగుతాదంట. భూమిలో ఉండే అయస్కాంతం ఆ జంటను కదిలిస్తే పక్షికి దిక్కు తెలుస్తాదంట. అట్లుండొచ్చని సైంటిస్టులు అంటాండారు."

"ఎదురు తిరుగుతాదా? అయితే అవి మొగుడూ పెండ్లామే పో!"

ఓబుళేశు పాత స్పీకరు పగలగొట్టి, అయస్కాంతం తీసి, గంపలో గడ్డి కింద పెట్టినాడు. పెట్ట ఒగసారి తొంగిచూసి, నాగక్క ఇంటికి పాయ.

"వెలుతురు చాల్లేదు," అని దాన్ని పట్టుకొచ్చి కండ్లలోకి టార్చిలైటు కొట్టినాడు.

పెట్ట ఎగిరి ఆయప్ప బట్టతల మింద వాలె. ఆడనుంచి పెరుగుచట్టి మింద. ఆడనుంచి గోడ అవతలికి.

"దిక్కు బాగానే తెలిసింది దానికి," అంటా కృష్ణవేణమ్మ పెరుగు తుడిచింది.

శనివారం సాయంత్రం ఓబుళేశు చూస్తే పెట్ట గంపలో కూర్చోనుండాది! లేచి పోయినాక చూస్తే రెండు గుడ్లు. వెంటనే ఫోటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టె: "క్వాంటం గెలిచింది."

"మే, ఆమ్లెట్ ఎయ్యి! ఈ గుడ్డు ఎంత బరువుండాదో చూడు. అయస్కాంతం గుడ్డు గదా!"

తానే గిన్నె అంచుకు కొట్టినాడు. టంగుమనె. గిన్నె సొట్ట పడె. గుడ్డుకు గీత గూడా పడలేదు.

కృష్ణవేణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునె.

"అది మీ పాలిష్ మిషన్ కాడ నేను ఏరుకొచ్చి గంపలో పెట్టిన తెల్లరాయప్పా. గుడ్డు కనపడిన కాడే పెట్ట గుడ్డు పెడ్తాది. ఇరవై ఏండ్లనుంచి రాళ్లు రుద్దుతాండావు, రాయేదో గుడ్డేదో తెలీల్యా?"

"మరి… రెండోది?"

"అది నిజం గుడ్డే. నీ పెట్ట బతికిపోయిందిలే."

ఓబుళేశు ఊపిరి పీల్చుకునేలోపల ఫోన్ మోగె. ఆలూరు నుంచి బామ్మర్ది పుల్లయ్య.

"బావా, మా పెట్టలు గూడా పక్కిండ్లలోనే పెడ్తాండాయి. మాకూ నాలుగు క్వాంటంలు పంపియ్యి!"

ఓబుళేశు పెండ్లాం మొగం చూసినాడు. ఆయమ్మ ఖాళీ సంచి చేతికిచ్చె.

"గుండ్రంగా ఉండేటివి ఏరుకోనిరా పో."