ఖాళీ బండి

ఆ రోజు ఉదయపు ప్లాను పసిపిల్లలకు కూడా అర్థమయ్యేటంత సులువైనది. విమానం దిగాలి, కారెక్కాలి, సముద్రం ఒడ్డున ఉన్న రిసార్టుకు చేరాలి, మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర అత్తగారిని వాళ్ల అక్కగారి పక్కన కూర్చోబెట్టాలి. అంతే. ఇందులో పొరపాటు దూరడానికి సందెక్కడుందా అని విమానంలో కూర్చున్నంతసేపూ కంట్రోలరు వెతికాడు. కనిపించలేదు. కనిపించనందుకు కాస్త దిగులు కూడా పడ్డాడు.

ఆయన సిటీ బస్సుల డిపోలో కంట్రోలరు. ఏ బస్సు ఎప్పుడు కదలాలో విజిలు ఊది చెప్పడం ఆయన పని. ఇంటా బయటా అందరూ ఆయన్ని కంట్రోలరనే అంటారు, ఇంట్లో ఆయన కంట్రోలు చేసేదేమీ లేకపోయినా. ఉద్యోగంలో ఆయన నమ్మింది ఒక్కటే: ఖాళీ బండి కదలకూడదు. సీట్లు మిగుల్చుకుని పోయే బస్సును చూస్తే ఆయనకు కడుపు తరుక్కుపోతుంది. పెళ్లయిన రోజున కారులో ముందు సీటు ఖాళీగా ఉందని దారిన పోయే పెద్దమనిషిని ఎవరినో ఎక్కించుకున్నాడని ఆయన భార్య ఇప్పటికీ చెబుతూ ఉంటుంది. ఆ పెద్దమనిషి పెళ్లి ఫోటోల్లో కూడా ఉన్నాడు.

ఇంతకుముందు ప్రతి ప్రయాణానికీ ఏర్పాట్లన్నీ బావమరిదివే. కంట్రోలరు పెట్టెల్లో ఒక పెట్టెలా వెంట వెళ్లేవాడు. ఈసారి మాత్రం పట్టుబట్టాడు. "ఈ ఒక్కసారికి బండి సంగతి నాకు వదిలెయ్యి" అని భార్యను బతిమాలాడు. స్కూల్లో లెక్కలు చెప్పే ఆవిడ కాసేపు ఆలోచించింది. "సరే. కానీ ఇది అమ్మా పెద్దమ్మా కలుసుకునే వ్యవహారం. ఇందులో గనక తేడా వచ్చిందో..." అని ఆపేసింది. ఆపేసిన మాటలకే కంట్రోలరు ఎక్కువ భయపడతాడు.

నిజానికి భయపడాల్సిందే. అక్కచెల్లెళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏళ్లు గడిచిపోయాయి. పెద్దమ్మ ఎక్కడో దూరాన స్థిరపడింది. ఇప్పుడు ఓడలో విహారయాత్రకు బయల్దేరింది. ఆ ఓడ ఈ ద్వీపం దగ్గర ఒక్క పూట ఆగి, సాయంత్రం కాకముందే వెళ్లిపోతుంది. ఇద్దరికీ మోకాళ్లు అరిగాయి, ఇద్దరికీ వయసు మీదపడింది. ఈ పూట దాటితే మళ్లీ కలుస్తారని ధైర్యంగా చెప్పగలవాళ్లు ఇంట్లో లేరు. అత్తగారు నెలల తరబడి కూర్చుని అక్క కోసం ఉన్ని స్వెటరు అల్లింది. వెళ్లేది ఉక్కపోసే ద్వీపానికని ఎవరెంత చెప్పినా వినలేదు. "దానికి చిన్నప్పటినుంచీ చలి. మీకేం తెలుసు?" అంది.

కంట్రోలరు ఆ ద్వీపంలో దొరికే బండ్లన్నిటినీ క్షుణ్ణంగా పరిశీలించాడు. ఒకటి, అందరినీ కలిపి ఎక్కించుకునే షటిల్ వ్యాను. చవకే గానీ, ద్వీపానికున్న రోడ్డు గాజులా గుండ్రంగా ఉంటుంది. వ్యాను ఆ రోడ్డంతా చుట్టి, ప్రతి రిసార్టు గేట్లోకీ దూరి, చివరికి బయల్దేరిన చోటికే వస్తుంది. వీళ్ల రిసార్టు సరిగ్గా అవతలి కొసన ఉంది. ఇక టాక్సీ. టాక్సీవాడు ఎంత అడుగుతాడో ఆ దేవుడికే తెలియాలి. అందుకని రిసార్టువాళ్లు పంపే కారే ఖాయం చేశాడు. కలుసుకునే చోటు మాత్రం బావమరిదే నిర్ణయించాడు, ఒడ్డున బల్ల వేయించి భోజనం పెడతారట, ఫోటోలు బాగా వస్తాయట. ఓడ ఎక్కడ ఆగుతుందని మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

బావమరిది ఇన్సూరెన్సు కంపెనీలో పనిచేస్తాడు. ప్రతిదానికీ వెనక ఇంకొకటి ఉండాలంటాడు. సముద్రపు గాలి తగిలితే తుమ్ములు, ఇసుక తగిలితే దద్దుర్లు వస్తాయని మొత్తుకుంటున్నా అక్క బలవంతంగా తీసుకొచ్చింది. బావగారి ఏర్పాటు మీద నమ్మకం చాలక అతను గుట్టుచప్పుడు కాకుండా ఒక టాక్సీ కూడా మాట్లాడి ఉంచాడు.

విమానాశ్రయం బయటికి రాగానే ఎక్కడో దగ్గర్లో బొంయ్‌మని పెద్ద కూత వినిపించింది.

"ఏమిటి బాబూ ఆ కూత?" అంది అత్తగారు.

"విమానమే అయ్యుంటుందండీ" అన్నాడు కంట్రోలరు. ఆయనకు బస్సు హారన్లు తప్ప మిగతావన్నీ ఒకటే.

ఎదురుగా ఇద్దరు డ్రైవర్లు రెండు అట్టలు పట్టుకుని నిలబడ్డారు. రెండిటి మీదా కంట్రోలరు పేరే ఉంది. ఆయన ఆనందం చూస్తుండగానే అయోమయంగా మారింది.

"రిసార్టు కారు ఇటండీ" అంటూ ఒకడు అత్తగారి పెట్టె పిడి పట్టుకున్నాడు.

"టాక్సీ అటండీ" అంటూ రెండోవాడు అదే పెట్టె చక్రం పట్టుకున్నాడు.

"నువ్వెవరివయ్యా? నేను టాక్సీ చెప్పలేదే" అన్నాడు కంట్రోలరు.

బావమరిది గొంతు సవరించుకున్నాడు. "అది నేను చెప్పాను బావగారూ. ఊరికే, ముందు జాగ్రత్తకి."

"అంటే నా మీద నమ్మకం లేదనేగా?"

"నమ్మకం ఉంది. ఉన్నా కూడా జాగ్రత్త ఉండాలి కదా?"

ఈ రగడలో డ్రైవర్లిద్దరూ బండ్లను దారికి అడ్డంగా వదిలేసి వచ్చారు. వెనకాల హారన్ల మోత మొదలైంది. భార్య తల్లిని లోపలికి తీసుకెళ్లి ఫ్యాను కింద కూర్చోబెట్టింది. "మేం వచ్చేసరికి కారు గుమ్మం ముందుండాలి" అని చెప్పి మరీ వెళ్లింది.

కారు గుమ్మం ముందుకు రావాలంటే దాని ముందున్న షటిల్ వ్యాను కదలాలి. వ్యాను డ్రైవరు స్టీరింగు మీద చేతులు వేసుకుని తాపీగా కూర్చున్నాడు. "నిండందే కదలనండీ" అన్నాడు. పరాయి ద్వీపంలో తన సిద్ధాంతం మరొకరి నోట విని కంట్రోలరుకు ప్రాణం లేచొచ్చింది. వాణ్ని కౌగిలించుకోవాలనిపించింది. సరే, నింపుదాం అనుకున్నాడు. జేబులోంచి విజిలు తీసి గట్టిగా ఊదాడు.

ఇక్కడ ఆయన చొక్కా సంగతి చెప్పాలి. "బీచికి వెళ్తున్నారు, డిపోకి కాదు" అంటూ భార్య కొనిచ్చిన పసుపు చొక్కా అది, దాని నిండా కొబ్బరాకుల బొమ్మలున్నాయి. ఆ స్టాండులో బండ్లు చూసుకునే ఉద్యోగికి ఇచ్చే చొక్కా కూడా అచ్చం అలాంటిదే. ఆ ఉద్యోగి టీ తాగడానికి వెళ్లి ఇంకా రాలేదు. అప్పుడే దిగిన ఇంకో విమానం జనమంతా పసుపు చొక్కానూ విజిలునూ చూసి కంట్రోలరు చుట్టూ మూగారు.

"సార్, మేం ఎందులో ఎక్కాలి?"

"మాది పెద్ద లగేజీ సార్!"

కంట్రోలరు కాదనలేకపోయాడు. కాదనాలని ఆయనకు తట్టనే లేదు. లగేజీ వెనక్కి, పిల్లలు మధ్యలోకి, పొడుగువాళ్లు ముందుకి. ఇంతలో గోడ పక్క సందులోంచి పెద్ద టోపీ, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ఒక ముసలావిడ గొడుగు ఊపుకుంటూ వచ్చి, వీళ్లు దిగబోయే రిసార్టు పేరే చెప్పింది.

"ఈ వ్యాను అక్కడికి వెళ్తుందా నాయనా?"

"వెళ్తుందమ్మా. కాస్త చుట్టు తిరుగుడు, కానీ దారంతా సముద్రమే. ఇలా రండి, కిటికీ పక్కన కూర్చోండి" అని చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. ఆవిడతో వ్యాను నిండింది. విజిలు పడింది. వ్యాను కదిలింది. ఆయన కడుపు నిండిపోయింది.

ఇక కారు ముందుకొచ్చింది. దానితోపాటే క్యూలో ముందున్న కొత్త దంపతులూ వచ్చారు. ఏ రిసార్టని అడిగితే ఆ రిసార్టే అన్నారు. ఏళ్ల తరబడి ఉద్యోగం చేసిన చెయ్యి ఊరుకుంటుందా? తలుపు తీసింది, ఇద్దరినీ కూర్చోబెట్టింది, తలుపు వేసింది, విజిలు ఊదింది. బండి చెప్పినాయనే పొమ్మన్నాక డ్రైవరు పోకుండా ఉంటాడా? కారు మలుపు తిరిగాక గానీ అది ఎవరి కారో కంట్రోలరుకు గుర్తు రాలేదు.

"ఏవండీ, మన కారేది?" భార్య వెనకాలే నిలబడి ఉంది.

"పంపించేశాను."

"ఎవరితో?"

"ఎవరో కొత్త దంపతులు. రిసార్టు అదే కదా అని..."

భార్య వెనకాల ఊతకర్రతో అత్తగారు వచ్చింది, చంకలో స్వెటరు సంచీ. సరిగ్గా అప్పుడే అత్తగారి ఫోను మోగింది. పెద్దమ్మ గొంతు ఫోనులోంచి అందరికీ వినబడేటట్టు ఉంది.

"చెల్లీ, నేను బయల్దేరిపోయానే! మా ఓడ ఆగింది విమానాశ్రయం గోడకు అవతలే. రేవులో బండ్లు లేవంటే, సందులోంచి నడిచి ఇటొచ్చి వ్యానెక్కాను. ఎవరో పసుపు చొక్కా ఆయన, భలే మర్యాదస్తుడు. చెయ్యి పట్టుకుని కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. మీరెక్కడున్నారు?"

అత్తగారు నెమ్మదిగా తల తిప్పి అల్లుడి చొక్కా వైపు చూసింది. "మేమా? ఆ మర్యాదస్తుడి పక్కనే ఉన్నామే" అంది.

ఇంతమందిని సరైన బండెక్కించిన కంట్రోలరు, ఎవరి కోసం వచ్చాడో ఆ మనిషిని తన చేతులతోనే దూరంగా పంపించేశాడు. తనను తాను తిట్టుకోవడానికి ఆయనకు మాటలు చాల్లేదు.

"ఎక్కండి, ఎక్కండి! టాక్సీ ఉందిగా" బావమరిది హుషారయ్యాడు. "వెంటపడి దారిలో దింపుకుందాం."

"వద్దు" అన్నాడు కంట్రోలరు. అంత గట్టిగా అన్నందుకు ఆయనే ఉలిక్కిపడ్డాడు. "వ్యాను ప్రతి గేట్లోకీ దూరుతుంది. మనం రోడ్డు మీద దాటిపోతాం. రిసార్టులో కలిసినా ఆవిడ ఓడకు అందాలంటే పలకరించిన వెంటనే పరిగెత్తించాలి. తప్పిపోయిన బండి వెంట పరిగెత్తకూడదు, అది తిరిగొచ్చే చోట నిలబడాలి. ఆవిణ్ని దిగొద్దని చెప్పండి. ఆ వ్యాను మళ్లీ ఇక్కడికే వస్తుంది. ఓడ ఈ గోడ పక్కనే ఉంది."

"రాకపోతే?" అన్నాడు బావమరిది.

అత్తగారు కొడుకు మొహం చూసింది, అల్లుడి మొహం చూసింది, చివరికి కూతురి మొహం చూసింది. ఆవిడకు ఏమీ పాలుపోలేదు. ఆ మాటకొస్తే ఎవరికీ పాలుపోలేదు.

"అమ్మా, ఆయన చెప్పినట్టే చెయ్యి" అంది భార్య. "ఎవరు ఏ బండెక్కాలో ఈయనకు గుర్తుండదు. బండి ఎక్కడికొస్తుందో మాత్రం తెలుసు."

అత్తగారు ఫోనులో అరిచింది. "అక్కా, నువ్వు దిగొద్దు! పసుపు చొక్కా ఆయన దిగొద్దంటున్నాడు!"

"ఆయనంటే సరే!" అంది పెద్దమ్మ, ఎందుకని కూడా అడగకుండా.

బావమరిది మాత్రం ఊరుకోలేదు. "నేను పట్టుకొస్తా చూడండి" అంటూ ఒక్కడే టాక్సీలో వెళ్లిపోయాడు. వెనక సీటు మొత్తం ఖాళీ. కంట్రోలరు చూడలేక మొహం తిప్పుకున్నాడు.

ముగ్గురూ స్టాండులో బెంచీ మీద కూర్చున్నారు. కాసేపటికి అసలు ఉద్యోగి టీ తాగి వచ్చి, కంట్రోలరును ఎగాదిగా చూసి, కొత్తగా వచ్చిన పై ఆఫీసరనుకుని, "సారీ సార్, కాస్త ఆలస్యమైంది" అన్నాడు. కంట్రోలరు ఏం చెప్పాలో తెలియక "ఇకమీదట జాగ్రత్త" అన్నాడు. వస్తుందనుకున్న వేళకు వ్యాను రాలేదు. ఆ తర్వాతా రాలేదు. గోడ అవతల ఓడ మరోసారి కూసింది. అత్తగారు స్వెటరు సంచీని గుండెలకు హత్తుకుంది గానీ అల్లుణ్ని ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండునని కంట్రోలరు మనస్ఫూర్తిగా కోరుకున్నాడు.

అప్పుడు అవతలి మలుపులోంచి వ్యాను వచ్చింది. సీట్లన్నీ ఖాళీ. కిటికీ పక్కన పెద్ద టోపీ ఒక్కటే ఉంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఖాళీ బండిని చూసి కంట్రోలరుకు ఆనందబాష్పాలు రావడం అదే మొదటిసారి.

"ఈవిడ దిగనంటే దిగనందండీ" డ్రైవరు మొర పెట్టుకున్నాడు. "పసుపు చొక్కా ఆయన ఆర్డరంటే నేనేం చేసేది? ఖాళీ బండి ఇంత దూరం తోలుకొచ్చాను."

పెద్దమ్మ దిగింది. అక్కచెల్లెళ్లు ఒకరినొకరు తేరిపార చూసుకున్నారు. "ఎంత చిక్కిపోయావే" అంది ఒకావిడ. "నువ్వేమైనా తక్కువా?" అంది రెండో ఆవిడ. తర్వాత ఇద్దరూ ఏడ్చారు. పెద్దమ్మ ఆ ఉక్కపోతలో స్వెటరు తొడుక్కుని, చెమటలు ధారగా కారుతున్నా విప్పనంది. "ఎంత హాయిగా ఉందే!" అంటూ చెల్లెలి చెయ్యి పట్టుకుని బెంచీ మీద అతుక్కుపోయింది. ఓడ పక్కనే కాబట్టి వాళ్లకు కావలసినంత సమయం చిక్కింది. రిసార్టులో కలుసుకుని ఉంటే అందులో సగం కూడా మిగిలేది కాదని లెక్కల టీచరు అక్కడికక్కడే లెక్కగట్టి, ఆ మాట భర్తకు మాత్రమే వినబడేటట్టు చెప్పింది.

"అన్నట్టు, దారిలో పెద్ద గొడవే అయింది" పెద్దమ్మ గుర్తు చేసుకుంది. "ఎవరో కుర్రాడు ముక్కు చీదుకుంటూ వచ్చి, నన్ను వ్యాను దింపబోయాడు. చెల్లెలి కొడుకునని ఏదో చెప్పబోయాడు. నేను నమ్ముతానా? గొడుగుతో ఒక్కటిచ్చాను."

కంట్రోలరు జేబులో ఫోను మోగింది.

"బావగారూ" బావమరిది గొంతు బొంగురుపోయి ఉంది. "టాక్సీవాడు నన్నిక్కడ వదిలేసి పోయాడు. ఒడ్డున బల్ల వేశారు, భోజనం వడ్డించారు. కుర్చీలన్నీ ఖాళీ. అల కాళ్ల మీదికి వస్తోంది. నన్నేం చెయ్యమంటారు?"

"ఎవరినైనా పిలిచి కూర్చోబెట్టు" అన్నాడు కంట్రోలరు. "ఖాళీగా మాత్రం ఉంచకు."

జవాబుగా అటునుంచి పెద్ద తుమ్ము వినిపించింది. ఆ రోజు ఇంటిల్లిపాదిలో సముద్రంలో కాళ్లు తడుపుకున్నవాడు బావమరిది ఒక్కడే.