మాయమైన వీపుచెక్క

“ఈ ప్రపంచంలో మేధావులు ఇద్దరే బావా! ఒకడు ఇంకా పుట్టలేదు. రెండోవాడు నీ ముందు నిలబడ్డాడు!”

బావమరిది ఎంత గొప్పలు పోయినా బావ తలెత్తితే ఒట్టు. షెడ్డులో నేలమీద చతికిలబడి పిల్లల కుర్చీల వీపుచెక్కలు మళ్లీ లెక్కేస్తున్నాడు. కంప్యూటర్ చెప్పినట్టు ప్లైవుడ్ కోసే మెషిన్ కొన్నాక వచ్చిన మొదటి పెద్ద ఆర్డరు, పిల్లల బడిది. మధ్యాహ్నానికి వ్యాను వచ్చేస్తుంది. కుర్చీలన్నీ బిగించేశాడు, ఒక్కదానికి మాత్రం వీపుచెక్క లేదు. ఇంకోటి కోద్దామంటే ప్లైవుడ్ అయిపోయింది, దుకాణానికేమో ఇవాళే సెలవు!

“ఇక పిల్లదాని కుర్చీ ఇచ్చెయ్యడమే,” అన్నాడు నీరసంగా.

ఆ మెషిన్ మీద మొట్టమొదట కోసిన కుర్చీ అది. ఐదేళ్ల కూతురు దానిమీద కూర్చుంటే గానీ గ్లాసుడు పాలు తాగదు. నాన్న మాట చెవిన పడగానే దాని మొహం చిన్నబోయింది. పరుగున వెళ్లి మామయ్య కోటు పట్టుకుంది.

“నువ్వు డిటెక్టివ్‌వి కదా మామయ్యా! వెతికిపెట్టవా?”

“ఏడవకు తల్లీ. ఈ కేసు నాది!”

ఉద్యోగం వెతుక్కోరా అని అక్క నెత్తీనోరూ కొట్టుకుంటుంటే దొంగల్ని వెతుక్కునే రకం ఈ బావమరిది. భూతద్దం తీసి వీపులేని కుర్చీ గాడిలోకి తొంగిచూసి కెవ్వుమన్నాడు.

“ఎలుక! ప్రతి మూలా గుండ్రంగా కొరికింది. అన్నీ ఒకే కొలత. బాగా చదువుకున్న ఎలుక బావా!”

“నా మొహం! కోసే బిట్టు, అదే ఆ ములుకు, గుండ్రంగా తిరుగుతుందిరా, మూల చదరంగా తెగదు. రెండో ముక్క సరిగ్గా దిగాలని మూలలు నేనే అలా కోయించాను.”

“అంటే నేరం ఒప్పుకుంటున్నావా?”

బావ రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. డిటెక్టివ్ అప్పటికే నేలమీద బోర్లా పడుకున్నాడు. చెక్కపొట్టులో చెప్పుల అచ్చులు, మెషిన్ దగ్గర్నుంచి మూలదాకా. తన చెప్పు తీసి పక్కన పెట్టి చూస్తే అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

“ఎంత గుండెలు తీసిన బంటు బావా! నా చెప్పులే వేసుకొచ్చాడు!”

“ఆ మూలన పాత కర్టెన్ కప్పి ఏం పెట్టావురా?”

“నా రహస్య స్థావరం. పొద్దున్నే ఏర్పాటు చేశాను. దొంగ తిరిగొస్తాడు, వెనకాల కూర్చుని కాపు కాస్తా!”

వీడితో వాదించే ఓపిక బావకి లేదు. కూతురి కుర్చీ అందుకోబోయాడు. పిల్ల దాన్ని కావలించుకుని, “నేను పాలు మానేస్తా నాన్నా, దీన్ని మాత్రం ఇవ్వద్దు!” అంది. బావ చెయ్యి ముందుకు రాలేదు.

అంతలో బయట వ్యాను హారను. లోపల, “హా...చ్చ్!”

స్థావరం వెనక నక్కిన డిటెక్టివ్‌గారి ముక్కులోకి పొట్టు దూరింది. తుమ్ము ధాటికి స్థావరం, దానిమీద డిటెక్టివ్ దభాలున పడ్డారు. టప్పున ఏదో ఊడింది. కర్టెన్ జారింది. చూస్తే కుర్చీలు కోయగా మిగిలిన ప్లైవుడ్ షీటు, ఒళ్లంతా కంతలు. దాని పక్కన నిక్షేపంగా వీపుచెక్క!

ముక్క కదలకుండా మెషిన్ అక్కడక్కడా సన్నగా చెక్క వదిలేస్తుంది, తర్వాత తట్టి ఊడదీసుకోవాలి. బావ పొద్దున ఆఖరి ముక్క దగ్గర ఫోనొచ్చి లేచాడు. తిరిగొచ్చేసరికి షీటు లేదు. అన్నీ తీసేశాననే అనుకున్నాడు, ఖాళీ షీటుని భార్య చెత్తలో వేసిందనుకున్నాడు.

“పట్టేశాను!” అని వీపుచెక్క ఎత్తి చూపించాడు డిటెక్టివ్.

“మరి దొంగెవరు మామయ్యా?”

డిటెక్టివ్ షీటు చూశాడు, తన చెప్పులు చూశాడు. మొహం మాడిపోయింది.

“దొంగ ఇక్కడ కూర్చోవాలి,” అని పిల్ల తన కుర్చీ తెచ్చి వేసింది. డిటెక్టివ్ ఆ చిట్టి కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాడు. బావ పెదాలు బిగబట్టి నవ్వాపుకుంటూ ఆఖరి కుర్చీకి వీపు బిగించాడు.

కుర్చీలన్నీ వ్యానెక్కాయి. సాయం పడదామని డిటెక్టివ్ లేచి గుమ్మం వైపు నడిచాడు. కుర్చీ కూడా ఆయన్ని వదలకుండా వెనకాలే లేచింది.

“నాన్నా, పట్టుకో!” పిల్ల ఒక్క కేక పెట్టింది. “మామయ్య ఈసారి నా కుర్చీ ఎత్తుకుపోతున్నాడు!”