వంద గ్రాముల సంగ్రామము

స్వస్తిశ్రీ. బెల్లపుదిమ్మల పరిమళముచేత రైలు దిగకముందే బాటసారుల నాసికాపుటములకు స్వాగతము పలుకునదియు, నూకాంబికా కరుణాకటాక్ష రక్షితయు, లారీల హారన్ల శంఖారావములచే అహర్నిశము దద్దరిల్లునదియు నగు అనకాపల్లి మహాపట్టణమున, మాఘ బహుళ షష్ఠీ బుధవాసరమున, శారదానది పొగమంచు దుప్పటి ముసుగుదన్ని లేవనా మాననా అని బద్ధకించుచుండగా, ఒకానొక ఆసుపత్రి రెండవ అంతస్తున, పురుషుల వార్డునందు, ఏడవ నెంబరు మంచము కడ, గ్రాముల కొరకు ఒక సంగ్రామము మొదలైనది.

ఏనుగులు లేవు. గుర్రములు లేవు. రథమొక్కటి కలదు గాని దానికి మూడు చక్రములే తిరుగును. జనులు దానిని స్ట్రెచరందురు. అయినను ఈ కథ హృద్యము, ఏలనగా హృదయమునకు సంబంధించినది. రసవత్తరము కూడ. అది ఏలనో ముందు ముందు తెలియును. తొందరపడకుడు, కవికి కూడ బీపీ కలదు.

ఇక నాయకుడు. బుచ్చయ్యపేట మండల చెరకుతోటల నడుమ అరువది రెండేండ్ల క్రిందట ఉదయించి, నలువది యేండ్లుగా బెల్లపు పెనము ముందు నిలిచి, కుతకుత ఉడుకు రసమును గరిటెతో ఎత్తి, చన్నీళ్ళలో ఒక బొట్టు విడిచి, దానిని వ్రేళ్ళ నడుమ నలిపి, "దించండర్రా" అని ఎవ్వడనునో, ఎవ్వడు అనినదాక పెనము దింపుటకు ఊరిలో ఒక్కనికి గుండె చాలదో, అతడే సత్తియ్య. దేవేంద్రునికి పాకశాసనుడని ఉత్త పేరు మాత్రమే. పాకమును నిజముగా శాసించినవాడు మన సత్తియ్య.

అట్టివాని గుండె అలసినది. గుండె అలసినదని విని మూత్రపిండములు సానుభూతి సమ్మెకు దిగినవి. లోనికి పోయిన నీరు బయటికి దారి కానక పాదములందు విడిది చేసినది. ఆ పాదమును వ్రేలితో నొక్కిన గుంట పడును. పడిన గుంట పూడుటకు పంచాయతీ రోడ్డు గుంటకు పట్టినంత కాలము పట్టును. వెల్లకిల పడుకొన్న ఊపిరి ఆడదు గనుక, ఆ వీరుడు మూడు దిండ్ల సింహాసనమున ఒరిగి కూర్చుండియే నిద్రించును.

నెత్తిన గంగను మోయు దేవుని పేరు పెట్టుకొనుటచే నీటి బరువు బాగుగా ఎరిగిన డాక్టరు చంద్రమౌళి ఆనాటి ఉదయము బరువుల పట్టీని చూచెను. సోమవారము డెబ్బది పాయింటు ఎనిమిది. మంగళవారము డెబ్బదియొకటి పాయింటు నాలుగు. బుధవారము సరిగ్గా డెబ్బది రెండు.

"సత్తియ్యగారూ, రోజుకి లీటరన్నాను. నీళ్ళు, టీ, మజ్జిగ, చారు, అన్నీ కలిపి లీటరు. మీరేమో రోజుకి అరకేజీ పైన పెరుగుతున్నారు. రేపు పొద్దుటికి అరకేజీ తగ్గాలి. డెబ్బై ఒకటిన్నర. ఒక్క గ్రాము ఎక్కువున్నా విశాఖపట్నం పంపించేస్తాను, డయాలసిస్‌కి. తగ్గితే మాత్రం ఆదివారానికి ఇంటికెళ్ళొచ్చు."

సత్తియ్య రెండు చేతులు జోడించెను.

"బాబూ, సోమారం మా పెనం పెడతన్నారు. నాను కుర్సీ ఏసుకు కూకుని సూత్తాను, సెయ్యి పెట్టను. నాను నేకపోతే పాకం ఎవుడు సూత్తాడు? మసైపోతాది."

"అది మీ ఒంటికి చెప్పండి," అని డాక్టరు తరువాతి మంచమునకు తరలెను.

అంతట ఆ ఒంటికి చెప్పవలసిన భారము స్టాఫ్ నర్సు బాలాత్రిపురసుందరిపై పడినది. ఒక చేత బీపీ మిషను, ఒక చేత కొలతగ్లాసు, ఒక చేత సిరంజి, ఒక చేత చార్టు ధరించి సంచరించు ఆ తల్లికి నిజమునకు చేతులు రెండే. వార్డున ముప్పది మంచములుండుటచే నాలుగుగా తోచును. ఆమె చార్టునకు గళ్ళు రెండు: లోపలికి, బయటికి. వేదాంతులు జననము మరణము అని నానా తిప్పలు పడి చెప్పినది ఆమె ఈ రెండు గళ్ళలో మిల్లీలీటర్లతో సహా వ్రాయును.

ఆ చార్టు ప్రకారము నిన్న సత్తియ్య లోపలికి పోయినది తొమ్మిదివందల ఏబది. బయటికి వచ్చినది పదమూడువందలు. లెక్కకు సత్తియ్య ఎండవలెను. కాటాకు సత్తియ్య ఉబ్బుచున్నాడు. ఇది చూచి సిస్టరు ఉబ్బితబ్బిబ్బు కాక, కోపము దిగమింగి (దానికి కొలత లేదు) మంచము కడకు వచ్చి అడిగెను.

"మావయ్యా, నిజం చెప్పండి. నాకు తెలీకుండా నీళ్ళు తాగుతున్నారా?"

"నూకాలమ్మ తోడు, సుక్క తాగనేదమ్మా. ఇదిగో, మా ఆడమనిషినడుగు."

భార్య పైడితల్లి కొంగు సర్దుకొని సాక్ష్యమిచ్చెను. "తాగనేదమ్మా. నాకు దాహవేత్తే నానే వరండాలోకెళ్ళి తాగొత్తన్నాను. నా గుటక సప్పుడిన్నా ఆయన మొకం అదోలాగైపోతంది."

ఇరువురును సత్యమే పలికిరి. విచిత్రమెల్ల అందే యున్నది.

సరిగా ఆ క్షణమున, మంచపు ఎడమకాలి ఇనుపకోడు వెంబడి, నల్లని కవచములు దాల్చి, తలకు తల తాకించి సంకేతములు మార్చుకొనుచు, ఒకదాని వెనుక నొకటిగా, అడుగడుగునకు ఆగని అక్షౌహిణి యొకటి పైకెక్కుట సిస్టరు కంటబడినది. చీమలు. గండుచీమలు. చక్కెరవ్యాధి లేని మనుజుని మంచమునకు చీమలేల? అవి దుప్పటి దాటినవి, మొదటి దిండు దాటినవి, రెండవది దాటినవి, మూడవ దిండు గలీబులోనికి చొచ్చి అదృశ్యమైనవి.

అప్పుడా వీరమాత ప్రళయకాల మేఘగంభీర స్వరమున, "ఓరీ దిండాంతర్గత దుర్గనివాసీ, బయల్పడుము, లేదేని నీ గలీబును ఖండఖండములుగా..." అని గర్జించెనని కవులందురు. వార్డులోనివారు విన్నది మాత్రమిది: "మావయ్యా, ఒకసారి ముందుకి ఒంగండి."

దిండులో స్టీలుగిన్నె. గిన్నెలో తొక్కతీసి వ్రేలెడేసి నరికిన చెరకుముక్కలు. ప్రక్కనే ప్లాస్టిక్ కవరులో, చక్కగా ముడివేసి, పిప్పి.

పానకములో పుడక విందుము. పుడక నిండ పానకము ఇదే చూచుట. విధి ఎంత సమయజ్ఞురాలో గాని, ఆ నిమిషముననే సత్తియ్య బావమరిది అప్పారావు నాలుగు గిన్నెల కేరేజీతో వార్డులోనికి అడుగిడెను, పరిస్థితి గ్రహించి వెనుకడుగిడెను, అప్పటికి ఆలస్యమైనది.

"అప్పారావుగారూ, ఇలా రండి. ఆ అడుగు గిన్నెలో ఏముంది?"

"కూరండి."

"ఏం కూర?"

"ఆనపకాయండి."

"మూత తియ్యండి."

"వేడిగుందండి, సెయ్యి కాల్తాది."

"మీ కేరేజీ మీద అప్పుడే చీమ పాకుతోంది. దాని కాళ్ళు కాలడం లేదా?"

మూత తీయబడెను. ఆనపకాయ అందు లేదు.

"నీరసంగున్నాడు కదాని తెచ్చేనండి," అని అప్పారావు నేలను చూచుచు పలికెను. "పిప్పి కూడా ఇక్కడ పారెయ్యనేదు. కవర్లో కట్టుకెళ్ళి మా గేదెకేత్తన్నాను." నీరసమునకని తెచ్చిన మందు నీరును రసమును రెండును తానే అయి కూర్చున్నది.

సత్తియ్య మాత్రము చలింపలేదు. ధర్మము తన పక్షమున నున్నదని అతని విశ్వాసము.

"సిస్టరమ్మా, నువ్వేటన్నావు? తాగొద్దన్నావు. నాను తాగనేదు. నమిలేను. పోనీ తిన్నానందామా, పిప్పి ఊసేసేను. అంటే తాగనూ నేదు, తిననూ నేదు. పుట్టి బుద్దెరిగినప్పట్నించీ సెరకు నమలతన్నాను, దాన్ని నీళ్ళనినోడు మా ఊళ్ళో ఒక్కడు నేడు."

ఈ తర్కమునకు తొమ్మిదవ మంచపు ఆసామి కూడ తల ఊపెను. ఆయనకు కూడ లీటరే.

సిస్టరు వాదింపలేదు. మంచము ప్రక్క స్టూలు లాగికొని కూర్చుండెను. ఆ వార్డున ఆమె కూర్చుండగా ఇంతవరకు ఎవ్వరును చూచి యెరుగరు.

"మావయ్యా, మాది టౌను. తెలీకడుగుతున్నాను. కేజీ చెరకు గానుగాడితే రసం ఎంతొస్తుంది?"

పాకశాసనుని కన్నులు వెలిగినవి. వచ్చి పది దినములైనది. అందరును అతని మూత్రమును గూర్చియే అడిగిరి గాని అతనికి తెలిసిన సంగతి ఒక్కరు అడుగలేదు.

"ఎడ్ల గానుగైతే ఆరొందల గ్రాములమ్మా. ఇప్పటి కరెంటు క్రషర్లకి ఆరొందలేభై లాగుతాది. మా సేలో సెరకైతే ఇంకో గుటకెక్కువే."

"మరి మీ నోటికి?"

వార్డంతయు మెడ చాచెను. ఫ్యాను మాత్రము కిర్రుమనెను, దానికి ఈ గొడవ పట్టదు. సత్తియ్య కవరు ముడి విప్పి, చిటికెడు పిప్పి తీసి, నలువది యేండ్లు పాకము నలిపిన ఆ రెండు వ్రేళ్ళ నడుమ నలిపెను. పొడి. మరల నలిపెను. తౌడు కన్న పొడి.

"క్రషర్ కన్నా గట్టిగానే లాగేనమ్మా," అని మెల్లగా అనెను. "పళ్ళు బాగున్నాయి."

"అప్పారావుగారూ, రోజుకెంత తెస్తున్నారు?"

"కేజీండి. నిన్న కేజీంపావండి."

సిస్టరు "లోపలికి" గడిలో తొమ్మిదివందల ఏబది ప్రక్కన ఎనిమిదివందలు చేర్చెను. కూడిక చూచి పైడితల్లి నుదురు కొట్టుకొనెను.

"ఏటయ్యా, పెనంలో రసం మరుగుతుంటే ఎవుడైనా పక్కనించి సెంబుతో నీళ్ళు పోత్తే నువ్వూరుకుంటావా?"

"కాళ్ళిరగ్గొడతాను."

"మరి నువ్వు సేత్తన్నదేటి?"

అప్పుడు సత్తియ్య మూడు దిండ్ల సింహాసనముపై నిటారుగా కూర్చుండి, భుజమున తువ్వాలు సర్ది, పాత వీరులు కంకణము కట్టునట్లు చేతి ఐడీ బ్యాండును తడిమి, సప్తసముద్రములు సాక్షిగా ఘోరప్రతిజ్ఞ చేసెను. ఆ ప్రతిజ్ఞ పూర్తి పాఠము: "అలగైతే మానేత్తాను."

ఇక దాహయుద్ధము. నాలుక పిడచగట్టుకొని అంగిటికి అంటుకొనినది. దాహము దాసోహమనదు, దాక్కొని దాడి చేయును. సిస్టరు వ్యూహము పన్నెను. ఏబది మిల్లీలీటర్ల కొలతగ్లాసులో గంటకొక గుక్క. నడుమ నోరు పుక్కిలించి ఉమ్ముట. పుక్కిటికిచ్చినది కొలుచుట, ఉమ్మినది కొలుచుట. పది తగ్గిన పది వ్రాయుట. బుగ్గన లవంగమొక్కటి. నరములోనికి, మూత్రము పారించు లాసిక్స్ అను దివ్యాస్త్రము. దానికి ప్రతిఫలముగా ప్లాస్టిక్ క్యాను నిండుచుండ, పైడితల్లి పట్టాభిషేక వార్తవలె వార్డు ద్వారమున ప్రకటించుచుండెను: "నాలుగొందలమ్మా." మరల: "మూడొందలేభై." అప్పారావు సాయంకాలము నిజముగానే ఆనపకాయ కూర తెచ్చెను. రాత్రి గడచినది, కవి నిద్రించెను గనుక వర్ణన లేదు.

గురువారము ఉదయము ఆరు గంటలు. టిఫిను లేదు, టీ లేదు, నిన్నటి లుంగీ, నిన్నటి బనీను, నిన్నటి వేళ. గోడవార నల్లని అద్దపు పలకతో, ఎర్రని అంకెల నేత్రముతో, నిర్దయుడగు బరువు మిషను కాచుకొని యున్నాడు. డాక్టరు చంద్రమౌళి చేతులు కట్టుకొని నిలిచెను. సత్తియ్య ఎక్కెను. డెబ్బది పాయింటు తొమ్మిది.

"గోడ ఒదలండి మావయ్యా," అని సిస్టరు పలికెను.

బెల్లపు మార్కెట్టు కాటాల చుట్టు జీవితమంతయు తిరిగినవాడు. చెయ్యి దానంతట అదే గోడకు పోయినది. సత్తియ్య సిగ్గుపడి చెయ్యి తీసెను. అంకెలు ఊగిసలాడి నిలిచినవి.

డెబ్బదియొకటి పాయింటు ఆరు.

వంద గ్రాములు. ఒక నారింజకాయంత. విశాఖపట్నమునకును బుచ్చయ్యపేటకును నడుమ ఇప్పుడున్న దూరము అంతే.

"ఉంగరం తియ్యి బావా," అని అప్పారావు గొణిగెను.

"నిన్న ఉంగరంతోనే చూశాం. ఉంగరం ఉండాలి," అని సిస్టరు. డాక్టరు జేబులోనుండి పెన్ను తీసెను.

సత్తియ్య డాక్టరును చూడలేదు. సిస్టరునే చూచెను. పిదప కుడిచేయి మెల్లగా లుంగీ మడతలోనికి పోయి, రొంటిన దోపిన కాగితపు పొట్లమొకటి పైకి తీసెను. అందు జానెడు చెరకుముక్క.

"ఇది నిన్న నేదమ్మా."

దానిని సిస్టరు కన్నుల ముందుకు చాచెను.

"సూడు. పన్ను పడనేదు. నిన్న నువ్వు గిన్నె తీసుకెళ్ళేటప్పుడు ఒకటి దాసేను. నోరెండినప్పుడల్లా తడుముకున్నాను. ఉందిలే అనుకుంటే కొంచెం ధైర్యంగుండీది."

సిస్టరు ముక్కను అటునిటు త్రిప్పి చూచెను. పంటిగాటు లేదు. చెమటకు కాగితము మాత్రము మెత్తబడినది. ఆమె దానిని ప్రక్కన పెట్టి, "దిగి, మళ్ళీ ఎక్కండి," అనెను.

దిగెను. మిషను సున్నా చూపెను. ఎక్కెను.

డెబ్బదియొకటి పాయింటు ఐదు.

డాక్టరు పెన్ను జేబులో పెట్టుకొనెను. "సరే. విశాఖపట్నం వద్దు. రేపు మళ్ళీ చూద్దాం," అని తరువాతి మంచమునకు తరలెను.

కావున సకల జనులారా, వినుడు. మాఘ బహుళ సప్తమీ గురువాసరమున, సూర్యోదయానంతరమున, బుచ్చయ్యపేట పాకశాసనుడగు సత్తియ్య, ఒక కొలతగ్లాసును ఒక లవంగమును తోడుగా గొని, చెరకును నమలక, గోడను పట్టక, తన దేహరాజ్యము నాక్రమించిన జలసేనలో ఐదువందల గ్రాములను ప్లాస్టిక్ క్యాను దారిన తరిమివేసి, రేపు ఉదయము ఆరు గంటల వరకు చెల్లునట్టి దిగ్విజయమును సాధించెను.

సిస్టరు చార్టులో అంకె వ్రాసి, ఆ చెరకుముక్కను కిటికీ తెరచి బయటి సన్‌షేడుపై పెట్టెను. గుట్టు పట్టియిచ్చిన వేగులకు జాగీరు. చీమలు నిమిషములో చేరినవి. సత్తియ్య మూడు దిండ్లకు ఒరిగి, బుగ్గన లవంగము నొక్కి, వానిని చాలసేపు చూచెను.

"సిస్టరమ్మా, మరి అయ్యి తాగుతన్నట్టా, తింతన్నట్టా?"

"వాటికి చార్టు లేదు మావయ్యా," అని ఆమె కొలతగ్లాసు అతని చేతికిచ్చెను. "యాభై. మెల్లగా."