ఢిల్లీకి పంపదగిన మనిషి

1957 నవంబరు పదకొండు, సోమవారం. పొద్దున నేను తిన్నది జొన్నరొట్టె, ఊరుబిండి పచ్చడి. రెండూ ఎదురింటి చెన్నమ్మ పంపినవే. ఆమె రొట్టెలు చేసిన రోజు నా పొయ్యికి సెలవు. నా భార్య పోయిన తర్వాత నాకు మిగిలిన చిన్న చిన్న అదృష్టాలలో అదొకటి. ఆ రొట్టె తింటుండగానే దేశానికి పనికొచ్చే విషయమొకటి నాకు బోధపడింది.

దేశం తన అత్యున్నత గౌరవాలను ఎవరికివ్వాలి? ఎవరు లేకపోయినా ఏ పనీ ఆగదో, వారికి. వారికి మాత్రమే!

నవ్వకండి. ఢిల్లీ ఏమన్నా పక్క ఊరా? పోను, రాను, ఫొటో దిగను, ఆ ఫొటో చేతికొచ్చేదాకా ఆగను పదిహేను రోజులు. అన్నాళ్లు పనివాణ్ణి పంపితే ఊరి గతేమిటి? మంగలిని పంపితే తాలూకా అంతా గడ్డాలు. బావి పూడిక తీసేవాణ్ణి పంపితే గౌరవం అక్కడ, దాహం ఇక్కడ. బస్సు డ్రైవరును పంపుదామంటే, ఆయన్ని స్టేషనుకు చేర్చేదెవరు?

పెద్దలు ఇదంతా ఆలోచించే పేర్లు ఎంచుతారని నా నమ్మకం. పత్రికలో ఆ పేర్లు చదివినప్పుడల్లా నాకు ఊరటగా ఉంటుంది. ఏ ఊరికీ ఇబ్బంది లేదు కదా!

ఆదోని శంకరన్నగారు ఈ పరీక్షకు నిలిచిన మనిషి. పత్తి వ్యాపారం కొడుకులు చూసుకుంటారు, ఆయన అధ్యక్షత వహిస్తారు. కుస్తీ పోటీలైనా, సంతాపసభైనా నడిమి కుర్చీ ఆయనదే. ఆయన్ని గౌరవించమని ఢిల్లీకి విన్నపం పంపడానికి ఒక కమిటీ కూర్చుంది. బి.ఏ. చదివినందుకు నన్ను రాయమన్నారు. ఆయన చేసిన సేవలేమిటని అడిగాను. కమిటీ చాలాసేపు పైకప్పు చూసింది. నేనే "బహుముఖ సేవలు" అని రాసేశాను. దాన్ని స్వయంగా అందజేయడానికి ఆయనే రైలెక్కారు.

ఆయన లేని ఆ రోజుల్లో జిన్నింగు ఫ్యాక్టరీ కూత మానలేదు. సంత మానలేదు. ఒక సంతాపసభ కూడా జరిగింది. పోయినాయన గురించి మాట్లాడుకునే వీలు అందులో మొదటిసారి దొరికింది.

ఇక చెన్నమ్మను చూడండి. మా ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో ఆమె అచ్చులు అతుకుతుంది. మగ్గం మీద పడుగు అయిపోతే, కొత్త పోగులను పాత పోగుల కొసలతో ఒక్కొక్కటిగా, వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెట్టి కలపాలి. అంతవరకు మగ్గం కదలదు. ఆ పని చేసే ఇంకొకామెకు చూపు మందగించింది. ఇప్పుడు వీధి మొత్తానికీ చెన్నమ్మే.

చెన్నమ్మ కూతురు మహాదేవమ్మకు మాధవరంలో, అత్తగారింట్లో నెలలు నిండాయి. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఈసారి అమ్మ పక్కనుంటే చాలని కబురు మీద కబురు పంపుతోంది.

ఆ సోమవారం చెన్నమ్మ మూటతో వాకిట్లోకి వచ్చింది. నాలుగు మగ్గాల రంగన్న ఎదురొచ్చినాడు.

"యాడికక్కా మూట? నా మగ్గం నిలిచిపోయినాది."

"నిన్న అతికితిని కదప్పా."

"అది మా తమ్మునిది. ఇదొక్కటి అతికి పో. పెండ్లి కోకలు."

"నీ ఒక్కటి నాలుగు దినాల నుంచి అయితానే ఉండాది రంగన్నా."

"నువ్వు లేకుంటే ఈ వీధికి దిక్కెవరక్కా?"

ఇంతకన్నా గొప్ప బిరుదు ఢిల్లీలో దొరుకుతుందా? చెన్నమ్మ మూట లోపల పెట్టి, బూడిద గిన్నె తీసుకుంది.

ఆ మధ్యాహ్నం ఆదోని పోయి శంకరన్నగారిని చూశాను. ముందు రోజే తిరిగొచ్చారు.

"నేను లేనప్పుడు ఏమన్నా ఇబ్బంది అయినాదేమప్పా?"

"ఏమీ కాలేదండీ. అన్నీ సక్రమంగా జరిగినాయి."

శుభవార్త చెప్పాననుకున్నాను. ఆయన ముఖం చిన్నబోయింది.

"ఒక్కరూ అడగలేదా?"

మనసు చివుక్కుమంది. "మీరు తప్ప ఇంకెవరూ చేయలేని పని ఒకటుంది" అన్నాను. ఆయన నిటారుగా కూర్చున్నారు.

మరునాటి సాయంత్రం మా వీధిలో చెన్నమ్మకు సన్మానసభ. మైకు, శాలువా, అధ్యక్షులు శంకరన్నగారు. వీధి వీధంతా మగ్గాలు దిగి వచ్చింది. రంగన్న ముందు వరుసలో కూర్చున్నాడు. ఉపన్యాసం చేనేతతో మొదలై ఢిల్లీ చేరి, అక్కడి రోడ్ల వెడల్పు దగ్గర కాసేపు నిలిచింది. సన్మానం పొందాల్సినామె కుర్చీ ఖాళీగా ఉందని ఎవరూ గమనించలేదు. అధ్యక్షుడుండగా ఆ కుర్చీ వైపు చూసేదెవరు? ఉపన్యాసంలో ఆయన ఆగ్రా చేరేసరికి మాధవరం బస్సు వీధి చివర హారన్ కొట్టి కదిలింది.

శాలువా విప్పినాక రంగన్న లేచినాడు. "అక్క యాడ?"

"బస్సులో" అన్నాను.

"నన్ను అడిగింటే పంపకుంటినా?"

"అడుగుతానే ఉండాది కదప్పా, నాలుగు దినాల నుంచి."

రంగన్న కూర్చున్నాడు. విప్పిన శాలువాను మడవకూడదని ఎవరో అన్నారు. శంకరన్నగారికే కప్పాము. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

ఆదివారం కబురొచ్చింది. ఆడపిల్ల, తల్లీబిడ్డలిద్దరూ క్షేమం. ఆ వారమంతా రంగన్న మగ్గం నిలిచే ఉంది. పెండ్లి మాత్రం పాత కోకలతోనే జరిగిపోయింది.

అందుకే చెబుతున్నాను. అక్కర లేనివారికి శాలువాలు కప్పడం మనకు బాగా వచ్చు. అక్కరకొచ్చే మనిషికి మనమివ్వగలిగిన గౌరవం నాలుగు రోజుల సెలవు. దాన్ని మైకు పెట్టి దొంగిలించి ఇవ్వాల్సి వచ్చింది.

ఆ మంగళవారం రాత్రి సభ ముగిసి జనం పోయినాక చూస్తే, తొందరలో చెన్నమ్మ తలుపు తెరిచే పోయింది. గడప దగ్గర బూడిద గిన్నె అలాగే ఉంది. రంగన్న దాన్ని ఎత్తి లోపల గూట్లో పెట్టినాడు. తర్వాత లోపలివాళ్లు నిద్రపోతున్నట్టు, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగి గొళ్లెం వేసినాడు.