తూటా ఆగిన సంవత్సరం

ఆ శనివారం పొద్దున డెల్మార్ హోల్కమ్ వేసుకున్న పథకానికి వంక పెట్టడానికేమీ లేదు. తొమ్మిదింటికల్లా కంకర గుంట దగ్గర కొత్త తూటాలను పరీక్షించడం, పదింటికి ఇంటికొచ్చి స్నానం చేయడం, పన్నెండింటికి భార్య నాడీన్ పోగుచేసిన పాత పత్రికలను ట్రక్కులో వేసుకుని ఫైర్ స్టేషన్ హాలుకు చేర్చడం. మూడింటికి అక్కడ మడ్ ఫోర్క్ ఊరి నూరేళ్ళ ప్రదర్శన మొదలవుతుంది. ఊరి వారపత్రిక పుట్టినప్పటినుంచీ ముఖ్యమైన సంచికలన్నీ దాచింది ఊళ్ళో నాడీన్ ఒక్కతే. అచ్చాఫీసు వాళ్ళ దగ్గరున్నవి డెబ్భై నాలుగు వరదలో కొట్టుకుపోయాయి. నలభై ఏళ్ళు దాచిన వస్తువు ఊరందరి ముందూ పెట్టే రోజు కనుక, ఆవిడ తెల్లవారకముందే లేచి, కాఫీ కూడా తాగకుండా హాలుకు వెళ్ళిపోయింది.

అది పందొమ్మిది వందల ఎనభై ఏడు, అక్టోబరు. దక్షిణ ఇండియానాలో ఆ రోజుల్లో ప్రతి మూడో ఇంటి గరాజులోనూ ఒక బల్ల, బల్లకు బిగించిన చేతి ప్రెస్సు ఉండేవి. కాల్చేసిన ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, మెరిసేదాకా తోమి, మళ్ళీ మందు పోసి, సీసపు గుండు బిగించి ఎవరి తూటాలు వాళ్ళే చేసుకునేవాళ్ళు. చలికాలం వచ్చిందంటే ఆ గరాజుల్లో నూనె వాసన, కాఫీ వాసన, రేడియోలో బాస్కెట్‌బాల్ ఆట, దాని మధ్య ప్రెస్సు పిడి దిగుతున్న చప్పుడు. ఇప్పుడు అవే గరాజుల ముందునుంచి నడిచి వెళ్తుంటే నిజంగానే దిగులేస్తుంది. తలుపులన్నీ బటన్ నొక్కితే తెరుచుకుంటాయి, లోపల మాట్లాడే మనిషే ఉండడు.

డెల్మార్ తూటాలు చేస్తున్నది తనకోసం కాదు. నాడీన్ లైబ్రరీ వాళ్ళ పుస్తకాల బండి నడుపుతుంది. ఆ వసంతంలో ఒక ఒంటరి కూడలి దగ్గర ఎవడో తాగినవాడు బండి తలుపు పట్టుకుని లాగాడు. అప్పటినుంచి ఆవిడ అన్నం డబ్బా సంచిలో వాళ్ళ నాన్న తాలూకు పొట్టి గొట్టం రివాల్వర్ పెట్టుకుని తిరుగుతోంది. చిక్కల్లా ఆవిడ కీళ్ళవాతంతో వచ్చింది. కొట్లో దొరికే తూటా కాలిస్తే ఆ దెబ్బకు మణికట్టు రెండు రోజులు వాచిపోయేది. మెత్తగా తన్నే తూటా చేద్దామంటే ఇంకో తంటా. కొనలో గుంట ఉన్న గుండు తగలగానే పువ్వులా విచ్చుకుని అక్కడే ఆగిపోవాలి. రెండంగుళాల గొట్టంలోంచి నెమ్మదిగా వచ్చిన గుండు విచ్చుకోదు, మేకులా దూసుకుపోయి అవతల ఉన్నవాళ్ళకు తగులుతుంది. తన్నకూడదు, విచ్చుకోవాలి. ఈ రెంటికీ రాజీ కుదర్చడానికి డెల్మార్ ఆరు నెలలుగా ఆ బల్ల దగ్గరే ఉన్నాడు. పెళ్ళాం మీద ప్రేమను నోటితో చెప్పే అలవాటు ఆ వంశంలోనే లేదు.

గుండు విచ్చుకుందో లేదో చూడడానికి పాతకాలం వాళ్ళ పద్ధతి ఒకటుంది. పాత పత్రికల కట్టలు రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున వాటిలోకి కాల్చి, పొరలు విప్పి గుండును వెతుక్కోవడమే. డెల్మార్ గరాజులో ఆ వారం రెండు రకాల కట్టలున్నాయి. మామూలు పురికొసతో కట్టినవి కొన్ని, ఎర్ర రిబ్బనుతో కట్టినవి రెండు. డెల్మార్ క్షణం కూడా ఆలోచించకుండా ఎర్ర రిబ్బనువి తొట్టిలో వేసి నీళ్ళు పట్టాడు.

ఇందులో ఆలోచించడానికేముంది. తూటాలు చేసేవాళ్ళ బల్ల మీద అనుమానం వచ్చిన సరుక్కి ఎర్ర చీటీ కడతారు. ఎర్రది ఉందంటే చెడిపోయిందనీ పారేయాలనీ అర్థం. పెళ్ళయిన కొత్తలోనే ఆ సంగతి నాడీన్‌కు చెప్పాడు. ఆయన చెప్పిన మాట మాత్రం, "ఎర్రది కట్టి ఉంటే దాన్ని ముట్టుకోవద్దు" అని. ఎందుకో చెప్పలేదు, ఆవిడ అడగలేదు. ఎర్రది కడితే ఈ ఇంట్లో ఎవరూ ముట్టుకోరన్నది ఆవిడకు మిగిలిన జ్ఞానం. అందుకే ప్రాణంకన్నా ఎక్కువగా చూసుకుంటున్న రెండు కట్టలకూ వెతికి వెతికి ఎర్ర రిబ్బను తెచ్చి కట్టింది. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆ ఒక్క మాటా ఇద్దరూ చెరో రకంగా పాటిస్తూ వచ్చారు.

కంకర గుంట దగ్గరికి ఎల్డన్ ప్రూట్ కూడా వచ్చాడు. ఎల్డన్ రిటైరైన పోస్ట్‌మాన్, డెల్మార్‌కు బడి రోజుల నుంచీ స్నేహితుడు, అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పే రకం. రెండు కట్టలనూ ఒకదాని వెనక ఒకటి చెక్కపెట్టెలో నిలబెట్టి, డెల్మార్ నాడీన్ రివాల్వర్‌తో ఐదు తూటాలూ కాల్చాడు. తుపాకీ తన్నినట్టే చేతికి తెలియలేదు. సంతోషంగా ఇద్దరూ పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని తడి కాగితాలు విప్పడం మొదలుపెట్టారు.

పైనున్నవి నిరుటివి. గుండ్లు లోతుగా దిగి ఉంటాయని అడుగునుంచి విప్పారు, పైకొస్తున్నకొద్దీ ఏళ్ళు ముందుకు నడుస్తున్నాయి. డెల్మార్ చిన్న పుస్తకంలో గుండు ఎన్ని అంగుళాలు దిగిందో రాసుకోబోతుంటే, ఎల్డన్ అంగుళాలెందుకని ఏళ్ళల్లో చెప్పసాగాడు. మొదటి గుండు విచ్చుకోకుండా నలభైతొమ్మిది దాకా పోయిందట. రెండోది యాభైఒకటిలో మంచు తుఫాను దగ్గర ఆగిందట. ఆ తుఫాను పేజీ దగ్గర ఎల్డన్ చెయ్యి కూడా ఆగింది. రైలు పెట్టె కప్పులదాకా మంచు, పక్కన గడ్డపారలతో నిలబడ్డ కుర్రాళ్ళు, అందులో ఒకడు తనే. ఇంకో పేజీలో పదకొండు మంది పిల్లలున్న బడి బాస్కెట్‌బాల్‌లో జిల్లా కప్పు గెలిచిన ఫోటో. మూతపడ్డ రైల్వే స్టేషన్, కాలిపోయిన ఐస్‌క్రీమ్ కొట్టు, డాన్సులు ఆడిన ధాన్యం గోదాము. ఇద్దరూ గుండ్ల సంగతి మరిచిపోయారు. తడి మట్టిలో కూర్చుని, చనిపోయినవాళ్ళ పేర్లు ఒకరికొకరు చదివి వినిపించుకుంటూ గంటసేపు గడిపారు. ఎల్డన్ రెండుసార్లు కళ్ళు తుడుచుకుని, తడి చేతులు కదా అన్నాడు.

ఐదో గుండు విచ్చుకుంది. అందమైన పువ్వులా, డెల్మార్ ఆరు నెలలుగా కలలుగన్నట్టే విచ్చుకుని, యాభైమూడు దగ్గర ఆగింది. దాన్ని వేళ్ళతో తీసి మురిసిపోతున్న డెల్మార్‌కు, ఆ పేజీ అంచున పెన్సిల్‌తో రాసిన నాలుగు మాటలు కనిపించాయి. "అమ్మకు నచ్చిన ఫోటో. పారేయకూడదు." ఆ చేతిరాత ముప్పై రెండేళ్ళుగా సరుకుల జాబితాల మీద రోజూ చూస్తున్నదే.

"ఒరేయ్ ఎల్డన్, ఎర్ర రిబ్బను ఎవరు కడతారురా?" అన్నాడు డెల్మార్ గొంతు తగ్గించి.

"నువ్వే కడతావు, చెడిపోయినవాటికి."

"నేను కట్టలేదురా వీటికి."

ఎల్డన్ కాసేపు చేతిలో ఉన్న పేజీని చూసి, దాన్ని చాలా మర్యాదగా కింద పెట్టాడు. గంట పదిన్నర.

ఆరబెట్టాలి. ముందు ఎల్డన్ ఇంట్లో బట్టలారబెట్టే మెషిన్‌లో అరవైరెండో సంవత్సరాన్ని వేసి చూశారు. పావుగంట తర్వాత అరవైరెండు బూడిదరంగు ఉండల్లా బయటికొచ్చింది. ఇక మిగిలింది రోవీనా బ్యూటీ పార్లరు. అక్కడ కుర్చీలకు తలమీద బోర్లించే వేడిగాలి టోపీలు ఆరున్నాయి. శనివారం, పైగా నూరేళ్ళ పండుగ, ఊళ్ళోని ఆడవాళ్ళంతా జుట్టుకు చుట్టలు చుట్టుకుని అక్కడే ఉన్నారు. రోవీనా సంగతి విని, ఎవరి టోపీ కిందా ఖాళీ లేదనీ, తలలతోపాటే కాగితాలు కూడా ఆరాలనీ తేల్చేసింది. ఒక్కొక్కరి ఒళ్ళో పది పదిహేను పేజీలు పెట్టించింది.

ఒళ్ళో పెట్టిన కాగితాన్ని చదవకుండా ఉండే ఆడమనిషి మడ్ ఫోర్క్‌లో లేదు. పది నిమిషాల్లో ఒకావిడ చేతిలోకి యాభైమూడు వచ్చింది. జిల్లా సంతలో డాన్సు పోటీ గెలిచిన జంట ఫోటో. కింద, "ఫ్లాయిడ్ ఆమ్స్లర్, ఆయన్ని జూన్‌లో పెళ్ళాడబోయే కుమారి నాడీన్ వాస్" అని ఉంది. ఆ పెళ్ళి జరగలేదనీ, నాడీన్ తర్వాత డెల్మార్‌ను చేసుకుందనీ పార్లరులో అందరికీ తెలుసు. ఫోటోలో నాడీన్ చెక్కుచెదరకుండా నవ్వుతోంది. పక్కన ఫ్లాయిడ్ తల ఉండాల్సిన చోట పూరేకుల్లా అంచులు చిరిగిన పెద్ద రంధ్రం.

డెల్మార్ మిగతా కాగితాల కోసం బయట ట్రక్కు దగ్గరుంటే, ఆవిడ ఎల్డన్‌ను అడిగింది, ఇది ఎవరు చేశారని. డెల్మార్ కాల్చాడని ఎల్డన్ చెప్పాడు. కావాలనే కాల్చాడా అంటే, ఆరు నెలలుగా దానికోసమే తూటాలు తయారుచేస్తున్నాడన్నాడు. కాల్చాక ఏమన్నాడని అడిగితే, చాలా సంతోషించాడన్నాడు. ఒక్క మాట కూడా అబద్ధం కాదు. రోవీనా అప్పటికే ఫోన్ తిప్పుతోంది.

ఫ్లాయిడ్ ఆమ్స్లర్ ఊళ్ళోనే ఉన్నాడు. దాణా కొట్టు యజమాని, పెళ్ళాం పోయి ఒంటరివాడు, ఆ మధ్యాహ్నం ప్రదర్శనను ప్రారంభించబోయే పెద్దమనిషి. వార్త హాలుకు చేరేసరికి మైకు సరిచూసుకుంటున్నాడు. ధైర్యం కూడదీసుకుని పార్లరుకు ఫోన్ చేసి డెల్మార్‌ను పిలిపించాడు. డెల్మార్ ఒక చేత్తో రిసీవరు, ఇంకో చేత్తో ఆ పేజీ పట్టుకుని నిలబడ్డాడు. ఊళ్ళో ఏం అనుకుంటున్నారో ఆయనకింకా తెలియదు. నాడీన్‌కు ఏమని చెప్పుకోవాలన్నదే ఆయన బెంగ.

"డెల్మార్, ముప్పై నాలుగేళ్ళయిపోయింది. ఇప్పుడు నామీద ఏమిటయ్యా నీకు?" అన్నాడు ఫ్లాయిడ్.

"నీమీద ఏముంటుంది ఫ్లాయిడ్? నువ్వు ఎలాగూ పోయావు. కాలర్ దాకానే మిగిలావు. ఇప్పుడు నాడీన్ గురించే నా దిగులంతా," అన్నాడు డెల్మార్ నిట్టూరుస్తూ.

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినబడింది.

రెండున్నరకు డెల్మార్ ట్రక్కు హాలు ముందు ఆగింది. దారంతా అనుకుంటూ వచ్చిన క్షమాపణ నోట్లోనే ఉండిపోయింది, ఎందుకంటే ఆయన లోపలికి అడుగుపెట్టగానే జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. ఫ్లాయిడ్ వెనక తలుపులోంచి వెళ్ళిపోయాడని ఎవరో గుసగుసలాడారు. నాడీన్ ఎదురొచ్చింది. పేజీలు ఒక్కొక్కటే అందుకుంది. తడికి ముడతలు పడి, ఐదేసి రంధ్రాలతో, నలభై ఏళ్ళు దాచిన ఊరు ఆవిడ చేతుల్లో జల్లెడలా ఉంది. డెల్మార్‌కు ఆ క్షణంలో నేల తెరుచుకుంటే బాగుండుననిపించింది. నాడీన్ బట్టలారేసే తాడు అడిగి, హాలుకు అడ్డంగా కట్టించి, పేజీలన్నీ ఏళ్ళ వరసలో క్లిప్పులు పెట్టి వేలాడదీసింది.

జనం మామూలుగా అయితే అరగంట చూసి, కేకు తిని వెళ్ళిపోయేవాళ్ళు. రంధ్రాలుండడంతో వాదులాట మొదలైంది. బాస్కెట్‌బాల్ జట్టులో నాలుగోవాడి మొహం ఎగిరిపోయింది, వాడెవడు? ఒకాయన తన తమ్ముడన్నాడు, ఇంకొకాయన కానేకాదని, ఆ ఏడు తమ్ముడికి కాలు విరిగిందనీ, విరగ్గొట్టింది తనేననీ ఒప్పుకున్నాడు. మంచు తుఫానులో దారి తప్పి చర్చిలో పురుడు పోసుకున్నావిడ పేరు తూటా తినేసింది. మూల కుర్చీలో ఉన్న తొంభై ఏళ్ళ ముసలావిడ లేచొచ్చి, ఆ పేరు చెప్పి, పుట్టిన పిల్ల బరువు కూడా చెప్పింది. గత మూడేళ్ళలో ఆవిడ మాట్లాడగా ఎవరూ విని ఉండలేదు. పేజీలు నిండుగా ఉంటే చదివి ఊరుకునేవాళ్ళు. ఖాళీలు కనిపించేసరికి ప్రతివాళ్ళూ తమకు తెలిసింది తెచ్చి పూరించారు. ఆరింటికి మూయాల్సిన హాలు ఎనిమిదైనా ఖాళీ కాలేదు. అంత సంతోషంగా ఉన్న మడ్ ఫోర్క్‌ను ఆ తర్వాత మళ్ళీ ఎవరూ చూడలేదు.

చివరికి అందరూ వెళ్ళాక నాడీన్ యాభైమూడు ముందు ఆగింది. డెల్మార్ కుర్చీలు మడతపెడుతున్నాడు.

"డెల్, ఊరంతా ఒకటే చెబుతోంది. నిజంగా ఫ్లాయిడ్‌ను చూసే కాల్చావా?"

డెల్మార్ జీవితంలో తూటాల డబ్బా మీద ఒక్క అంకె కూడా తప్పు రాయని మనిషి. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆవిడ మొహం చూశాడు. అరవై దాటిన ఆ మొహంలో, సంత డాన్సు ఫోటోలో ఉన్న అమ్మాయి జవాబు కోసం ఎదురుచూస్తోంది.

"అవును," అన్నాడు.

నాడీన్ కాగితం అంచును వేలితో సరిచేసింది. "పైన ముప్పైమూడేళ్ళ కాగితాలున్నాయి కదా. అంత లోపలున్నవాడు నీకెలా కనిపించాడు?"

ఊరంతటిలో ఆ ప్రశ్న అడిగింది ఆవిడ ఒక్కతే. డెల్మార్ చేతిలోని కుర్చీని మెల్లగా కింద పెట్టాడు.

"నాకు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాడు," అన్నాడు.

ఇది అబద్ధమో నిజమో ఆయనకే తెలియలేదు. చెప్పాక మాత్రం గుండెల్లోంచి పాత బరువేదో దిగినట్టయింది. నాడీన్ ఆయన చొక్కా కాలర్ సరిచేసింది, అవసరం లేకపోయినా రెండుసార్లు సరిచేసింది. తర్వాత చెయ్యి పట్టుకుని ట్రక్కు దాకా నడిచింది. కొత్త తూటాలు బాగా వచ్చాయా అని మాత్రం అడిగింది.

ఫ్లాయిడ్ ఆ చలికాలమంతా కొట్లో కిటికీకి దూరంగా, దాణా మూటల వెనక కుర్చీ వేసుకుని వ్యాపారం చేశాడు.