రాజేశం గారి ఏడు నిబంధనలు

ఆ రోజుతో కచేరీని బాగుచేసి పారేయాలని రాజేశం నిశ్చయించుకున్నాడు. తాండూరులోని ఆ భూమి కాగితాల కచేరీలో ఆయన హెడ్ గుమస్తా. నిజాం రాజ్యం పోయి పదేళ్లయినా దస్త్రాలు ఎర్రగుడ్డ మూటల్లోనే ఉండేవి. ఏదైనా కనపడకపోతే అటెండరు బిచ్చయ్య కాసేపు ఆలోచించి, నలుగురిని అడిగి వెతికి తెచ్చేవాడు. చదువుకున్నవాడు చూసి సహించే పద్ధతేనా అది? రాజేశం రెండు నెలలు బుర్ర బద్దలు కొట్టుకుని, తప్పిన దస్త్రాన్ని పట్టుకోవడానికి ఏడు నిబంధనలు రాసి గోడకు అంటించాడు. కుర్చీ పేము తెగిపోతే ముందురోజే చేతికందిన పాత మూటను కుర్చీలో ఎత్తుగా వేసుకున్నాడు. అంతటి మేధావి కుదురుగా కూర్చోవద్దూ!

మొదటగా పెద్దేముల్ మొగులమ్మ వచ్చింది.

"పన్నెండు గంటల బండికి వికారాబాద్ కోర్టుకు పోవాలె సారూ. మా కౌలు కాగితం సూపకుంటె నాలుగెకరాలు దొర గుంజుకుంటడు. జర జల్ది ఇప్పియ్యి."

బిచ్చయ్య లోపలికి వెళ్లి వచ్చాడు. "మూట జాగల లేదు సారూ. ఎవరన్న తీసిన్రేమో, అడిగి..."

"రెండో నిబంధన సదువలేదా? మనుషులను అడుగుడు లేదు. మల్ల సూడు."

ఖాళీ జాగా రెండోసారీ ఖాళీగానే ఉంది. మూడోసారి చూసినా దాని మనసు మారలేదు.

మూడుసార్లు దొరక్కపోతే మిగతా పనులన్నీ రద్దు. ఇది నాలుగో నిబంధన. పరిగి నుంచి వచ్చిన అనంతయ్య చేతిలో అప్పుడే పడ్డ నకలును రాజేశం లాక్కున్నాడు.

"ఆమెది దొరకకుంటె నాదెందుకు గుంజుకుంటవ్ సారూ?"

"అందరికి ఒక్కటే నిబంధన!"

ఐదోది ఇంకా ఘనమైనది. గదంతా ఖాళీ చేసి ఒకటో నంబరు నుంచి మళ్లీ సర్దాలి. మూటలు వరండా నిండి రోడ్డెక్కాయి. చూసినవాళ్లు కచేరీని వికారాబాద్‌కు ఎత్తుకుపోతున్నారని చెప్పుకున్నారు. అరగంటలో బజారు మూతపడింది. బండల గనుల కూలీలు పని మానుకుని వచ్చి, "మా దఫ్తరు పోనియ్యం!" అంటూ గేటుకు అడ్డంగా కూర్చున్నారు.

"ఎంతైంది అన్నా?" అని మొగులమ్మ ఏడుపు దిగమింగుకుంటూ అడిగింది.

"పావు తక్కువ పన్నెండు," అన్నాడు బిచ్చయ్య. పాపం, ఆమె ముఖం చూడలేకపోయాడు.

ఇంత జరుగుతున్నా రాజేశం కదలలేదు. పర్యవేక్షించేవాడు కుర్చీ వదలకూడదని ఆరో నిబంధన. చివరికి ఈ గోల విని కచేరీ పై అధికారి పెద్ద సారు జనాన్ని తోసుకుంటూ లోపలికి వచ్చాడు. రాజేశం గబుక్కున లేచి నిలబడ్డాడు.

బిచ్చయ్య కుర్చీ వైపు చూశాడు. నలిగిన మూట మీది చీటీలో పెద్దేముల్ అని రాసి ఉంటే పైకే చదివాడు.

మొగులమ్మకు సంగతి అర్థమైంది. "నా పొలం మీద కూసొని నా పొలం దేవులాడుతున్నవా సారూ?"

నవ్వు గేటు దాకా పాకింది. పెద్ద సారు నిలబడే సంతకం చేసి కాగితం ఇచ్చాడు. మొగులమ్మ స్టేషనుకు పరుగెత్తింది. బండి ఏ నిబంధనా ఎరగదు కాబట్టి ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చింది, ఆమెకు అందింది.

మూటలు సర్దడానికి పది రోజులు పట్టింది. రాజేశం ఏడో నిబంధన ఏమిటో ఎవరూ చదవనే లేదు. పెద్ద సారు ఆ కాగితం చింపించి, రాజేశం చేతే కొత్తది రాయించి గోడకు అంటించాడు: "దస్త్రం కనపడనిచో ముందుగా హెడ్ గుమస్తా లేచి నిలబడవలెను."