శత్రురాజు తడి తువ్వాలు

యుద్ధం ప్రకటించిన రోజునే ప్రభుత్వం మూడు కొత్త శాఖలు తెరిచింది. ఒకటి ఫిరంగులకు, ఒకటి బూట్లకు, మూడోది కవిత్వానికి. మూడింటిలో అనుకున్న వేళకు పని మొదలుపెట్టింది కవిత్వ శాఖ ఒక్కటే కావడం దేశానికి గర్వకారణం. తూనికలు కొలతల కార్యాలయం మూడో అంతస్తులో త్రాసులన్నిటినీ ఒక మూలకు నెట్టి, పన్నెండు బల్లలు వేసి, పన్నెండు మంది కవులను కూర్చోబెట్టారు. శత్రుదేశపు రాజును తిట్టడం వారి ఉద్యోగం.

ఆ రాజును మన దేశంలో చూసినవాళ్ళు లేరు. ఉన్న ఒక్క ఫొటోలో ఆయన గొడుగు కింద నిలబడి ఉన్నాడు. గొడుగు చక్కగా పడింది. శాఖవారి నియమావళిలో మాత్రం ఏ సందిగ్ధానికీ చోటు లేదు. పద్యం చదివిన యువకుడికి రక్తం మరగాలి కనుక రాజు పరమ భయంకరుడై ఉండాలి. అదే పద్యం విన్న తల్లికి కొడుకును పంపాలంటే బెదురు పుట్టకూడదు కనుక ఆయన ఒట్టి చేతకానివాడై ఉండాలి. ఈ రెండూ ఆరు పంక్తుల్లో ఇమడాలి.

పన్నెండో బల్ల పత్రాలాయనది. ఉద్యోగ విరమణ చేసేవారికి సన్మాన పత్రాలు రాయడంలో ఇరవై రెండేళ్ళు గడిపినందువల్ల ఊరంతా ఆయన్ను అలాగే పిలుస్తుంది. లోకంలో ఆయన పొగడని మనిషి ఇక పుట్టాలి. అంతటి అనుభవం ఉన్నవాణ్ణి తిట్లకు నియమించడం ప్రభుత్వ దూరదృష్టికి నిదర్శనం.

వారానికో పద్యం ఇచ్చినంతకాలం కవిని సైన్యంలోకి పిలవరు. వరసగా రెండు సోమవారాలు పద్యం రాకపోతే బల్ల మీద బూట్లు పెడతారు. ఏడో బల్ల కవి అలాగే సరిహద్దుకు వెళ్ళాడు. అక్కడి నుంచి ఆయన రాసే ఉత్తరాలు పూర్తిగా వచనంలో ఉంటున్నాయని తెలిసి తోటి కవులు కన్నీరు పెట్టుకున్నారు. పత్రాలాయనకు తలుపు గట్టిగా పడినా గుండె దడదడలాడుతుంది. బూట్ల మాట తలుచుకుంటేనే ఆయనకు కాళ్ళు చల్లబడేవి.

మొదటి సోమవారం ఆయన పద్యాన్ని శాఖాధ్యక్షుడు పైకి చదివాడు. అందులో శత్రురాజు నిరాడంబరుడు, సమయపాలకుడు, క్రూరత్వంలో అలుపెరగని నిత్య కృషీవలుడు. చివరి పంక్తిలో ఆయనకు ఆయురారోగ్యాలు కూడా ఉన్నాయి.

"ఏమయ్యా, వీణ్ణి తిట్టమన్నామా, రిటైర్ చెయ్యమన్నామా?" అన్నాడు శాఖాధ్యక్షుడు.

పత్రాలాయన ముఖం వేలాడేసుకుని ఇంటికి వెళ్ళాడు. కాళ్ళు కడుక్కుని, తడి తువ్వాలు పరుపు మీద పడేసి, పొయ్యి మీది పాల ఎదురుగా కూర్చుని ఆలోచనలో పడ్డాడు. పాలు పొంగిపోయాయి. భార్య వచ్చి అందుకుంది. ఆవిడ తిట్టడం మొదలుపెడితే ఎదురింటివాళ్ళు రేడియో కట్టేసేవారు. అంత చక్కని ధార. ఆయన ఇరవై రెండేళ్ళుగా ఆ ధార కింద తలవంచుకుని కూర్చున్నాడే కాని ఒక్క ముక్కా వినలేదు. ఆ సాయంత్రం మొదటిసారి విన్నాడు. విని, కాగితం తీసుకుని రాసుకున్నాడు.

తడిసిన తువ్వాలు పరుపుపై విసిరేటి
కడు క్రూరుడా! నీకు కనికరము లేదా?
పొయ్యిపై పాలన్ని పొంగి పొరలుచునుండ
కుయ్యి కయ్యనకుండ కూర్చుండువాడా!
ఎదుటనున్న కళ్ళజోడెక్కడని అరచి
అదరగొట్టెడి నిన్ను అణచకుండెదమా?

దేశం ఉడికిపోయింది. ఊళ్ళను తగలబెట్టాడని, ఖైదీలను ఏనుగులతో తొక్కించాడని పదకొండు మంది కవులు రాస్తే ఆవులించిన జనం, తువ్వాలు సంగతి వినేసరికి పళ్ళు నూరారు. తడి తువ్వాలంటే ఓడిన జాతుల కన్నీరనీ, పరుపంటే ప్రపంచ శాంతి అనీ ఒక పండితుడు నలభై పేజీల వ్యాఖ్యానం రాశాడు. సైన్యంలో చేరేవారు మూడింతలయ్యారు. అందులో ఎక్కువమందిని భార్యలే మోచేయి పట్టుకుని తీసుకొచ్చి అప్పగించారు. దాన్ని దేశభక్తి కింద నమోదు చేశారు.

గూఢచారి శాఖ పెద్ద స్వయంగా మూడో అంతస్తుకు వచ్చి చెవిలో అడిగాడు. "ఇంత లోపలి సంగతులు మాకే తెలీవే! ఆ పడగ్గదిలో మన మనిషి ఉన్నాడా?"

"ఉన్నాడండీ," అన్నాడు పత్రాలాయన. అబద్ధం ఆడటం ఆయనకు అలవాటు లేదు.

ఎనిమిది పద్యాలతో ఆయనకు జాతీయ కవి అన్న బిరుదు వచ్చింది. చిక్కు అక్కడే వచ్చింది. జాతీయ కవిని తిట్టడానికి భార్యకు నోరు రాలేదు. "మీరు కూర్చోండి, మీకు బోలెడు రాతపని," అంటూ తువ్వాలు తనే ఆరేసేది. పదో సోమవారం పద్యం లేదు. శాఖాధ్యక్షుడు పత్రాలాయన పాదాల వంక కొలత తీసుకుంటున్నట్టు చూశాడు.

ఆ వారమంతా తిట్లు తినడానికి ఆయన పడిన పాట్లు వర్ణనాతీతం. ఉతికిన దుప్పటి మీద సిరా ఒలికించాడు. అత్తగారి ఉత్తరం చించి చెవి గోక్కున్నాడు. భార్య నవ్వి, "కవులింతే," అంది. ఆదివారం పొద్దున్నే ఆయన ఇక ఆగలేక, బూట్ల భయంతో, ఆ పద్యాల్లోని రాజు తనేననీ మాటలు ఆవిడవేననీ చెప్పేశాడు.

భార్య చేతిలోని గరిటె కింద పెట్టింది.

"ఇరవై రెండేళ్ళు చెప్పింది చెవిన పడలేదు గానీ, కాగితం మీదకి ఎక్కిందన్నమాట! నేను చెప్పింది మీరు మారతారని. అచ్చేస్తారని కాదు!"

తిట్లన్నిటిలోకీ ఆ ఒక్కటే ఆయన రాసుకోలేకపోయాడు. సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది. లేచి అంట్లు తోమాడు, దుప్పటి ఉతికాడు, కళ్ళజోడు ఎవరినీ అడగకుండా తనే వెతుక్కున్నాడు. ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకుంది కానీ లోపల పొంగిపోయింది. మర్నాడు ఇద్దరూ కలిసి శాఖకు వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పారు.

శాఖాధ్యక్షుడు నియమావళి తిరగేశాడు. కవి ఆవిడ కనుక పన్నెండో బల్ల ఆవిడదే. మినహాయింపు కవికే కానీ కవి భర్తకు లేదు. అరలోంచి బూట్లు తీసి బల్ల మీద పెట్టాడు. పత్రాలాయన కుర్చీ వెతుక్కున్నాడు.

"తీసుకెళ్ళండి బాబూ," అంది భార్య. "కానీ ఈయన్ని పంపేస్తే నేనింక ఎవర్ని చూసి తిట్టను? ఆ రాజుగారు నాకేం చేశారు?"

ఈ వాదనలోని జాతీయ ప్రాముఖ్యం శాఖాధ్యక్షుడికి వెంటనే తట్టింది. మధ్యాహ్నానికల్లా ఉత్తర్వు వచ్చింది. సదరు భర్తను యుద్ధ అవసరాల ముడిసరుకుగా గుర్తించి ఇంటి వద్దనే నిలువ ఉంచవలెననీ, ఆయన ఏ ఒక్క అలవాటు మార్చుకున్నా శత్రువుకు సహకరించినట్టు పరిగణింపబడుననీ అందులో ఉంది. అంట్లు తోముతుండగా ఎవరైనా చూస్తే సమీప పోలీసు స్టేషనుకు తెలియజేయాలని కూడా ఉంది.

పత్రాలాయన బతికిపోయాడు. ఇంటికి వచ్చి భార్యవైపు చూసి, "నేను మారదామనే అనుకున్నాను సుమా," అన్నాడు. "ఉత్తర్వు," అని చూపించాడు. ఆవిడ కలం తీసుకుంది.

రెండేళ్ళకు యుద్ధం ముగిసింది. మన రాజూ ఆ రాజూ కౌగిలించుకున్నారు. ఫిరంగుల శాఖ, బూట్ల శాఖ, కవిత్వ శాఖ మూతపడ్డాయి. తొందరలో ఆ ఉత్తర్వును రద్దు చేయడం మాత్రం మరిచిపోయారు. అది ఒకే ఒక్క మనిషికి జారీ అయినదైనా, దేశంలోని భర్తలందరూ నేటికీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. అటువంటి ఉత్తర్వు ఏనాడూ రాని దేశాల్లో కూడా దానికి ఇంత విధేయత ఎలా కుదిరిందో, ఈ కథ చదువుతున్న పెద్దమనుషులు చెప్పాలి. లేదా, పక్క గదిలో ఉన్నావిడను అడిగినా చెబుతుంది.